కొంగుముడిలో లక్నో

చలపతిరావు టూరు పార్టీలో వెళ్ళేవాళ్ళకి ఆయన ఇచ్చే మొదటి హామీ తాజ్‌మహల్ గురించి కాదు, సాంబారు గురించి. తాడేపల్లిగూడెం స్టేషను రోడ్డులో ఆయన ఆఫీసు బోర్డు మీద ఢిల్లీ, ఆగ్రా, జైపూరు, లక్నో అన్నీ చిన్న అక్షరాల్లో ఉండేవి. "మన వంట, మన మనుషులు" అన్న మాట మాత్రం రోడ్డుకి అవతలున్న టీకొట్టులోంచి కూడా కనిపించేది. ఎల్టీసీ మంజూరైన ఏలూరు ఆఫీసుల గుమాస్తాలూ, టీచర్లూ, రిటైరవ్వబోయే ఇంజనీర్లూ ఆ మాట చూసే పేర్లిచ్చేవారు. దేశాన్ని చూడాలన్న కోరిక వాళ్ళకి నిజంగానే ఉంది. దేశం పెట్టింది తినాలన్న కోరిక మాత్రం లేదు.

అందుకని ప్రతి టూరుకీ మనుషులతో పాటు బియ్యం బస్తాలు, కందిపప్పు, చింతపండు, ఆవకాయ జాడీ, గంగాళాలు, గరిటెలు కూడా రైలెక్కేవి. వాటి వెనక వంటమేస్త్రి బాపిరాజు, ఆయన వెనక కూరలు తరగడానికీ, పిండి రుబ్బడానికీ, గిన్నెలు తోమడానికీ కృపమ్మ ఎక్కేవారు. ఏ ఊళ్ళో దిగినా పార్టీ వాళ్ళు కోట ఎక్కడ, మహలు ఎక్కడ అని అడిగేవారు. కృపమ్మ కుళాయి ఎక్కడని అడిగేది. వాళ్ళు చూడ్డానికి బయల్దేరే వేళకి టిఫిన్లు పెట్టాలి, చూసొచ్చే వేళకి భోజనాలు సిద్ధం చెయ్యాలి, ఈ రెండిటికీ మధ్య గిన్నెలుంటాయి. ఆగ్రాలో కుళాయి సన్నగా వస్తుంది, జైపూరు నీళ్ళకి పప్పు ఉడకదు, ఢిల్లీ సత్రం పెరట్లో కోతులుంటాయి. ఆ ఊళ్ళ గురించి ఆవిడకి నికరంగా తెలిసింది అంతే.

కృపమ్మది కొల్లేటి పక్క ఊరు. భర్త ఎలీషా ఒకప్పుడు చేపల చెరువుల మీద వలలు లాగే పట్టుబడి పనికి వెళ్ళేవాడు. ఓ రోజు లారీలోకి ట్రేలు ఎత్తుతూ ఐసు తడి మీద కాలు జారి వెల్లకిలా పడ్డాడు. నడుం విరిగింది. అప్పట్నుంచి మనిషి మంచానికే అంటుకుపోయాడు. ఆ ఏడాదే కృపమ్మ ఊరి పాస్టరుగారి సిఫారసుతో చలపతిరావు దగ్గర పనికి కుదిరింది.

మొదటి టూరు ఆగ్రాకి. తిరిగొచ్చిన రోజు సంచీ ఇంకా భుజం మీంచి దించలేదు, ఎలీషా మంచం మీంచి మెడ తిప్పి, "చూసేవా?" అని అడిగాడు.

ఆ అడగడంలో ఆయన మొహం ఎలా ఉందంటే, వెళ్ళినన్నాళ్ళూ ఉల్లిపాయలు తరిగి వచ్చానని చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. "చూసేనండి" అంది. రైల్లో టీచర్లు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటుంటే చెవిన పడ్డదంతా కూడగట్టుకుని, పొద్దున్న ఆ రాయి ఎలా ఉంటుందో, వెన్నెల్లో ఎలా ఉంటుందో, పక్కన నది ఎలా ఎండిపోయిందో అన్నీ చెప్పింది. ఎలీషా కళ్ళు మూసుకుని విన్నాడు. పడిపోయిన తరవాత ఆయన మొహంలో మనిషి కళ కనిపించడం అదే మొదటిసారి. అది చూసి కృపమ్మ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

ఆ తరవాత ఇంక వెనక్కి తీసుకోవడం కుదరలేదు. ప్రతి టూరుకీ ఆయనకో ఊరు తెచ్చేది. ఎలీషా ఆ ఊళ్ళని పోగుచేసుకున్నాడు. పలకరించడానికి వచ్చిన వాళ్ళకి జైపూరు మహలు కిటికీల సంగతీ, ఢిల్లీ కోట ఎర్రరాయి సంగతీ వర్ణించి వర్ణించి చెప్పేవాడు. చెరువుల మీంచి బురద కాళ్ళతో వచ్చిన మగాళ్ళు మంచం చుట్టూ గొంతుకూచుని వినేవారు. "మా ఆవిడ చూడని చోటు లేదురా" అనేవాడు ఆఖర్న. అబద్ధమాడుతున్నానన్న బాధ కృపమ్మకి లేకపోలేదు. ఆదివారం గుడిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ఆ బాధ పెరిగేది. ఇంటికొచ్చి ఆయన మొహం చూస్తే తగ్గేది.

ఇక ముడుల సంగతి. కృపమ్మ పుట్టింటి ఆడవాళ్ళకి వాతావరణాన్ని కొంగున ముడేసుకునే అలవాటుంది. కొందరి చేతికి ఆవకాయ కుదిరినట్టే వాళ్ళ చేతికి అది కుదిరింది. క్రిస్మస్ నెలలో తెల్లారగట్ల కొల్లేటి ఒడ్డున నిలబడి, మంచు బాగా దిగాక, కొంగు చివర చాపి పట్టుకుని ముడి వేసేవారు. ఆ చీర మళ్ళీ కట్టకుండా, తడి తగలనివ్వకుండా ట్రంకుపెట్టెలో పెట్టి, మే నెలలో తలుపులేసుకుని విప్పితే ఆ గదిలో ఆ పూటంతా క్రిస్మస్ నెలే. బాలింతలున్న ఇళ్ళవాళ్ళూ, చెమటకాయలతో పిల్లలు నిద్రపోనివ్వని వాళ్ళూ వచ్చి, "పిన్నీ, ముడేదైనా ఉంటే ఇద్దురూ" అని చేబదులు అడిగేవారు. ఉంటే ఇచ్చేవారు, లేకపోతే లేదనేవారు. దానికి పెద్ద నియమాలేమీ లేవు. విప్పేదాకా లోపలిది చేతికి తెలియదు, పైకి అది గుడ్డముడే. విప్పాక మళ్ళీ కట్టడం కుదరదు, ఉన్నదంతా పొద్దుగూకేదాకా ఆ గదిలోనే ఉండి తరవాత పోతుంది. ఎక్కడ కడితే అక్కడిదే వస్తుంది, ఇంకోటి రాదు.

కొల్లేరు వాళ్ళని ముంచింది ఈ ఆఖరి సంగతి దగ్గరే. గట్టు పక్కన గట్టు లేచి సరస్సంతా చేపల చెరువులైపోయాయి. ఎలీషా పడిన మరుసటి వేసవిలో కృపమ్మ ముడి విప్పితే చల్లదనం కొంచెం, చెరువుల్లో పోసే కోడిపెంట కంపు బోలెడూ వచ్చాయి. ఆ పైయేడు చల్లదనం కూడా రాలేదు. కిందటి వేసవిలో సిమెంటు రేకుల కింద ఎలీషా ఒళ్ళు పెనంలా కాలిపోయి, మాట తడబడి, మనిషి దక్కుతాడన్న ఆశ పోయి, ఎలాగో వాన పడ్డ రోజున మళ్ళీ కళ్ళు తెరిచాడు. ఆర్.ఎం.పి. డాక్టరు ప్రసాదరావు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పాడు.

"ఇలాంటి ఎండాకాలం ఇంకోటొస్తే ఈయన తట్టుకోలేడండి. ఎక్కడన్నా చల్లటి చోటుంటే చూసుకోండి."

చల్లటి చోటు ఎక్కడుందో చెప్పమంటే ఆయనకీ తెలియదు. తన సంచీ సర్దుకుని సైకిలెక్కాడు.

రెండువేల మూడు సంక్రాంతి సెలవుల ముందు చలపతిరావు లక్నో టూరు వేశాడు. ఆ మాట ఇంట్లో చెప్పగానే ఎలీషా మొదట అడిగింది అక్కడి చలి గురించే.

"మంచు పడుతుందా అక్కడ?"

"పొగమంచు దట్టంగా ఉంటుందంటండి. ఎదర మనిషి కనబడడంట."

"అయితే ఓ ముడి వేసుకురా కృపా. గట్టిగా వెయ్యి." ఎలీషా కాసేపు రేకుల వైపు చూశాడు. "ఊరికే ఎక్కడో వెయ్యకు. నవాబు కట్టించిన కట్టడం ఏదో ఉందంటున్నావుగా, అందులో నిలబడి వెయ్యి. విప్పినప్పుడు నేనూ వెళ్ళినట్టుంటుంది."

"అలాగేనండి" అంది కృపమ్మ. ఈసారి మాత్రం ఎలాగైనా బయటికి వెళ్ళి తీరాలని ఆ క్షణంలోనే గట్టిగా అనుకుంది. ఇప్పుడు ఊరికే కబుర్లు పట్టుకొస్తే సరిపోదు. వచ్చే వేసవికి ఆయన ప్రాణం ఆ ముడిలో ఉంది.

విజయవాడలో గోరఖ్‌పూరు బండి ఎక్కి లక్నోలో దిగేసరికి పట్టపగలే దీపాలు వేసుకుని రిక్షాలు తిరుగుతున్నాయి. పార్టీ బస చేసిన సత్రం వెనక పెరట్లో బాపిరాజు టార్పాలిను కట్టించి పొయ్యిలు ముట్టించాడు. కృపమ్మ కుళాయి వెతుక్కుంది. నీళ్ళు తగిలితే వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆ చలికి ఆవిడ సంతోషించింది. ఇంత చలి ముడి పడితే రోహిణి కార్తెలో ఎంత గడ్డు పూటైనా గట్టెక్కొచ్చనిపించింది.

మొదటి రోజు పార్టీ వాళ్ళు పెద్ద ఇమాంబాడా చూసొచ్చి, చేతులు రుద్దుకుంటూ వేడివేడి సాంబారు పోసుకుని, అదొక్కటీ లేకపోతే ఈ ఊళ్ళో బతగ్గలమా అనుకున్నారు. ఏలూరు నుంచి వచ్చిన విక్టోరియా టీచరుగారు మాత్రం తిన్నాక పళ్ళెం పట్టుకుని పెరట్లోకి వచ్చారు. రైల్లో పరిచయమైన దగ్గర్నుంచి ఆవిడకి కృపమ్మంటే అభిమానం.

"నీకోసం తెచ్చేను కృపమ్మా, తీసుకో" అని రెండో చేతిలోని ఆకుదొప్ప ముందుకి చాపారు. "పాత బజార్లో అమ్ముతున్నారు. పాల నురగ. రాత్రంతా పాలు మంచులో ఉంచి, తెల్లారగట్ల చిలికి తీస్తారంట. చలికాలం తప్ప దొరకదంట. నోట్లో వేసుకుంటే ఏం వేసుకోనట్టే ఉంది తల్లీ."

దొప్పలో నురగ లేదు. పొయ్యిల పక్కకి వచ్చేసరికి అడుగున చెంచాడు పాలు మిగిలాయి.

"అయ్యో, అక్కడ ఇంతెత్తున ఉంది" అన్నారు టీచరుగారు దొప్పలోకి వంగి చూసి.

"పర్లేదండి టీచరుగారూ" అని కృపమ్మ ఆ పాలే తాగింది. తియ్యగా, కొంచెం కుంకుమపువ్వు వాసనతో ఉన్నాయి. ఎలీషాకి చెప్పడానికి టీచరుగారి మాటే మనసులో పెట్టుకుంది.

టీచరుగారు ఇమాంబాడా సంగతి చెబుతుంటే ఉల్లిపాయలు తరుగుతూనే వింది. కరువొచ్చినప్పుడు జనానికి పని కల్పించడానికి నవాబు ఆ కట్టడం మొదలుపెట్టాడట. స్తంభమన్నది లేని పెద్ద హాలట. ఈ చివర అగ్గిపుల్ల గీస్తే ఆ చివర వినపడుతుందట. పైన దారి తప్పిపోయే గూళ్ళూ మెట్లూ ఉన్నాయట. గైడు లేకుండా వెళ్ళి ఇరిగేషన్ ఆఫీసు సూపర్నెంటుగారు అందులో తప్పిపోయి, ఆకలేసి కేకలు పెడితే దొరికారట. కృపమ్మ నవ్వింది. నవ్వుతూనే, బాపిరాజుని ఎలా అడగాలా అని ఆలోచించింది.

బాపిరాజు చెడ్డవాడు కాదు. పార్టీలతో తిరగడం మొదలుపెట్టి తల నెరిసింది, ఇంతవరకూ ఒక్క గుమ్మటం చూడలేదు, చూడాలని కూడా లేదు.

"ఎందుకు కృపమ్మా? చూసొచ్చిన వాళ్ళందరూ వచ్చీ రాగానే అడిగేది అన్నం ఎక్కడనే కదా" అన్నాడు.

"ఆయన అడిగేరండి మేస్త్రిగారూ. ముడి వెయ్యాలండి. మా ఆయనకి వచ్చే ఎండలు గడవాలంటే అదొక్కటే దారండి."

బాపిరాజు గరిట తిప్పడం ఆపాడు. "సరే, ఆఖరి రోజు టిఫిన్లయ్యాక వెళ్ళిరా. గిన్నెలు నేను చూసుకుంటాను."

ఆఖరి రోజు పొద్దున్న ఎవరి చెయ్యి వాళ్ళకి కనబడనంత మంచు దిగింది. కృపమ్మ మంచి చీర కట్టుకుంది. ఉప్మా దించి, కాఫీలిచ్చి, చేతులు కడుక్కుని వీధిలోకి వెళ్దామని లేచింది. అంతలో చలపతిరావు మఫ్లరు చుట్టుకుని పెరట్లోకి వచ్చాడు.

"మేస్త్రీ, ఈ మంచుకి బళ్ళు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు పోతాయో తెలీటం లేదు. ఇప్పుడే వెళ్ళి స్టేషన్లో కూచుంటే నయం. దారికి పులిహోర పొట్లాలు కట్టెయ్యండి, ఎంత తొందరగా అయితే అంత మంచిది."

బాపిరాజు కృపమ్మ వైపు చూశాడు. చూసి, రెండు పొయ్యిలూ పెద్దవి చేశాడు. కృపమ్మ బియ్యం కడిగి ఎసట్లో పోసింది, చింతపండు పిసికింది, మిరపకాయలు చీరింది. బాపిరాజు పోపు వేస్తూ, గంజి వార్చడానికి గంగాళం పట్టుకోమన్నాడు. పట్టుకుంది. సామాన్లు మొయ్యడానికి కూలీలు వచ్చి నిలబడ్డారు. ఇంక టైము లేదని ఆవిడకి అర్థమైంది. 

అప్పుడు చుట్టూ చూసింది. పెరడంతా తెల్లగా ఉంది. గోడలు కనబడటం లేదు. వీపుకి చలి కొడుతోంది. మంచు ఊరంతా ఒకటే కదా, నవాబు మేడ మీద పడేదీ ఇక్కడ పడేదీ వేరు కాదు కదా అనుకుంది. ఉన్న చోటే నిలబడి, గబగబా కొంగు చాపి, తడిచేత్తోనే ముడి వేసింది. రెండో ముడి దాని మీద బిగించింది. "ప్రభువా, ఇది ఆయన్ని కాపాడాలి" అనుకుని సామాన్లు సర్దడానికి వెళ్ళింది.

ఇంటికొచ్చాక ఎలీషా ముడి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎక్కడ నిలబడి వేసేవు?"

"ఆ పెద్ద హాల్లోనండి" అంది కృపమ్మ. "స్తంభాల్లేవండి. ఈ చివర అగ్గిపుల్ల గీస్తే ఆ చివర వినబడుతుందండి. కరువులో జనానికి అన్నం పెట్టడానికి కట్టించేరంటండి."

"కరువులో" అని ఎలీషా ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. "మంచోడు."

ట్రంకుపెట్టె తన మంచం కిందే పెట్టించుకున్నాడు. పలకరించడానికి వచ్చిన ప్రతివాడికీ కింద లక్నో ఉందని చెప్పాడు. ఫాల్గుణం, చైత్రం ఆయన ధైర్యంగానే గడిపాడు. ఆయన ధైర్యం చూసి కృపమ్మ కూడా అబద్ధాన్ని దాదాపు మర్చిపోయింది.

ఆ ఏడు ఎండల సంగతి ఆ పక్కవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. మే ఆఖరికి పొద్దున్న తొమ్మిదింటికే వీధిలో మనిషి కనిపించేవాడు కాదు. చెరువుల్లో చేపలు గాలికోసం మీదికొచ్చి నోళ్ళు తెరుచుకుని తేలేవి. కామవరపుకోట మెట్ట నుంచి కబురొచ్చేది, ఉంగుటూరు నుంచి కబురొచ్చేది, అన్నీ చావు కబుర్లే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలుసు గానీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. పక్కింటి రూతమ్మ అత్తగారికి వడ తగిలింది. రూతమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, ఆ ముడి ఇప్పించక్కా. ముసల్ది దక్కేలా లేదు."

కృపమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఒక్కటే ఉందే రూతమ్మా. ఆయన కోసం దాచేను. నన్ను క్షమించు."

రూతమ్మ వచ్చినదారినే పరిగెత్తింది. ఆవిడ అత్తగారు ఆ సాయంత్రం పోయింది. సమాధుల దొడ్డి నుంచి వస్తున్నప్పుడు కృపమ్మ ఎవరి మొహమూ చూడలేకపోయింది.

ఎలీషాకి జ్వరం ఆ మర్నాడే తగులుకుంది. మధ్యాహ్నానికి చెమట పట్టడం ఆగిపోయి ఒళ్ళు ఎండిన చేపలా పొడిబారింది. తడిగుడ్డ వేస్తే వేసినంతసేపట్లో ఆరిపోతోంది. ప్రసాదరావు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, కృపమ్మని గుమ్మం అవతలికి పిలిచాడు.

"ఈ పూట ఒళ్ళు చల్లబడితే బతుకుతాడండి. ఇంతకన్నా వేడెక్కితే మాత్రం నా వల్ల కాదు. ముడి ఉందన్నారుగా. ఇంక దేనికి దాస్తారు, విప్పెయ్యండి."

ఆయన వెళ్ళాక కృపమ్మ తలుపు మూసింది, కిటికీ మూసింది. మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగి చీర తీసింది. ఎలీషా కళ్ళు సగం తెరిచి చూస్తున్నాడు. ముడి బిగుసుకుపోయి వేళ్ళకి రాలేదు. పళ్ళతో లాగి విప్పింది.

మొదట వచ్చింది గంజి ఆవిరి.

ఆ వెనకే రెండు పెద్ద పొయ్యిల సెగ భగ్గున గదంతా కమ్ముకుంది. ఆవాలు చిటపటలాడే ఘాటు, మాడిన ఎండుమిరపకాయ పొగ, కాఫీ డికాషను వాసన ఒకదాని మీద ఒకటి వచ్చాయి. కృపమ్మ ఇంకా నమ్మలేదు. ఇది పైపైది, మంచు అడుగున ఉండి ఉంటుంది, ఇప్పుడు వస్తుంది అనుకుంటూ కొంగు దులిపింది. గుమ్మం దగ్గరెక్కడో సన్నటి చలి ఒక్కసారి పాదాలకి తగిలి పోయింది. అంతే, ఇంకేమీ రాలేదు. గది గంగాళం లోపలిలాగా అయిపోయింది.

ఎలీషా దగ్గాడు. దగ్గి, నెమ్మదిగా వాసన చూశాడు. ఆ జ్వరంలో కూడా ఆయనకి అర్థమైంది.

"ఎక్కడ కట్టేవు కృపా?"

ఆవిడ మంచం పక్కన కూలబడిపోయింది. "సత్రం పెరట్లోనండి. పొయ్యిల దగ్గర."

"మరి నవాబు హాలు?"

"చూళ్ళేదండి."

"తాజ్‌మహలు?"

"చూళ్ళేదండి. వాళ్ళు చెప్పుకుంటుంటే విని చెప్పేనండి. ఏ ఊళ్ళోనూ ఏదీ చూళ్ళేదండి. పొయ్యి దగ్గర్నుంచి కదలనివ్వలేదండి."

ఎలీషా కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన పోగుచేసుకున్నవన్నీ ఆ మూసిన కళ్ళ వెనక ఒకటొకటిగా కూలిపోతున్నాయని కృపమ్మకి తెలుసు. తన చేతులతోనే కూల్చింది. ఇంతకన్నా ఆయన మంచం మీంచి లేచి కొట్టినా బాగుండేదనిపించింది.

తరవాత ఒక్కసారిగా ప్రాణభయం ఆవిడని లేపింది. "మిమ్మల్ని బయటికి తీసుకెళ్తానండి. రూతమ్మనీ వాళ్ళనీ పిలుస్తాను. మంచంతో సహా ఎత్తి చెట్టు నీడకి..."

ఎలీషా ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి కాలిపోతోంది, పట్టులో మాత్రం బలం ఉంది.

"ఆగు. ఇన్నేళ్ళూ నువ్వున్నది ఇక్కడేనా?"

"ఇక్కడేనండి."

"అయితే ఉండనీ. నువ్వు వెళ్ళిన చోటు చూద్దామనే కదా నేనడిగింది."

"చచ్చిపోతారండీ."

"బయట మాత్రం ఏవుంది" అన్నాడు ఎలీషా. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "చెప్పు. ఇప్పుడేం చేస్తున్నావు?"

కృపమ్మ తలుపు వైపు చూసింది. తలుపు సందులోంచి పడుతున్న ఎండ తెల్లగా మండిపోతోంది. ఆయన చెయ్యి విడిపించుకోవడానికి మనసొప్పలేదు. నేల మీద చతికిలబడి, కళ్ళు తుడుచుకుని, చెప్పడం మొదలుపెట్టింది.

"మిరపకాయలు చీరుతున్నానండి. పులిహోరకి. చింతపండు పిసికేసేను."

"ఎదర ఎవరున్నారు?"

"బాపిరాజుగారండి. తలకి తువ్వాలు చుట్టుకున్నారు. పోపు వేసేటప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడరండి. పలకరిస్తే కోప్పడతారు. ఒకసారి ఢిల్లీలో కోతొచ్చి పక్కనే కూచుంటే, నేననుకుని, జీలకర్ర అందుకోమన్నారు."

ఎలీషా పెదాలు కదిలాయి. నవ్వాడో, దప్పికేసిందో ఆవిడకి తెలియలేదు. చెంచాతో నీళ్ళు పోసింది. సగం పక్కకి కారిపోయాయి. విసనకర్ర అందుకుని విసిరితే వేడి ఇంకా మొహానికి కొట్టింది, పక్కన పడేసింది. చెబుతూనే ఉంది. కుళాయి పెరటి చివరుంది. అంట్లు తోమడానికి బూడిద దొరకదు, ఇటుక పొడి నూరుకుంటుంది. జైపూరులో పప్పు ఉడక్కపోతే బాపిరాజు కంట నీళ్ళు పెట్టుకున్నాడు. ఆగ్రాలో వెన్నెల రోజున అందరూ వెళ్ళిపోయాక, తోమిన గిన్నెలు బోర్లించుకుని వాటి మధ్య కూచుని ఆయన్నే తలుచుకుంది. ఇందులో ఒక్క ముక్కా ఎవరి దగ్గరా విన్నది కాదు. ఏదీ తడుముకోనక్కర్లేకపోయింది. ఎన్నేళ్ళ తరవాతో మొగుడికి ఉన్నదున్నట్టు చెబుతుంటే, ఇంత దుఃఖంలోనూ ఆవిడ గొంతు తేలికపడింది.

"పొట్లాలు కట్టేవా?" ఎలీషా మాట ఇప్పుడు గొంతులోనే ఉండిపోతోంది. ఆవిడ చెవి దగ్గరగా పెట్టింది.

"కట్టేసేనండి. అందరూ సామాన్లు పట్టుకుని వెళ్ళిపోతున్నారు."

"నువ్వూ పద."

"పదండి."

"గుమ్మం ఉందా?"

"గేటుందండి. ఇనప గేటు. తుప్పు పట్టింది. మొన్న దిగినప్పుడు లోపలికి రావడమే గానీ మళ్ళీ అటు పోలేదండి."

"తీసి చూడు. ఏవుంది అవతల?"

కృపమ్మ నోరు తెరిచింది. మంచులో నవాబు మేడలు, గుమ్మటాలు, బజార్లో పాల నురగ గుట్టలు, అన్నీ నాలిక చివర ఉన్నాయి. ఒకప్పుడైతే చిటికెలో చెప్పేసేది. ఆయన పట్టు ఇంకా మణికట్టు మీదే ఉంది, కానీ అందులో బలం లేదు.

"నాకు తెలీదండి" అంది ఆవిడ. "నేను వెళ్ళలేదండి."

ఆయన ఇంకేమీ అడగలేదు.

చాలాసేపటికి రూతమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. సెగ మొహానికి కొట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. పులిహోర పోపు వాసన, కాఫీ వాసన గుప్పుమంటున్నాయి, ఆ ఇంటి పొయ్యిలో మాత్రం నిప్పులేదు. రూతమ్మ నేల మీద పడి ఉన్న చీర కొంగు చూసింది, ఎలీషాని చూసింది. అత్తగారి మొహం గుర్తొచ్చిందో ఏమో, కళ్ళు తిప్పేసుకుంది. కాసేపటికి వచ్చి కృపమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"వడదెబ్బే అక్కా" అంది.

కృపమ్మ కాదనలేదు. కబురు తెలిసి ఊళ్ళోవాళ్ళు వచ్చారు, పాస్టరుగారు వచ్చారు. ఎవరూ ఆ గదిలో నిలవలేక వీధిలో ఎండలోనే నిలబడ్డారు. పొద్దుగూకి ఆ వేడి పోయేదాకా ఆవిడొక్కతే లోపల కూచుంది.